డెబ్బై మూడో పేజీ

ఒక పెద్ద అడవిలో కాపలాకి నలభై రేచుకుక్కలు, వాటికి నలభై చట్టపుస్తకాలు. అన్నీ ఒకటే. అక్షరం తేడా ఉండదు.

పుస్తకానికి వంద పేజీలు. అందులో పన్నెండింటిని పెద్దలు తుమ్మబంకతో అంటించేశారు. కొట్టెయ్యలేదు, చింపలేదు. ఇక అక్కర్లేదని మూసిపెట్టారంతే. ఆ బంక ఊడకుండా చూడటం ఉడుత ఉద్యోగం. కొత్త కుక్క చేరితే పాత పుస్తకానికి నకలు తీసి, బంక ఉన్నచోటల్లా బంక పెట్టి ఇచ్చేది.

ఆ ఏడాది శత్రువన్నవాడు రాలేదు.

"పట్టుబడినవి సున్నా. మరి నలభైమంది ఎందుకయ్యా?" అంది సభలో ఏనుగు.

కాపలా అధికారి దుమ్ములగొండి తిన్నగా ఉడుత దగ్గరికొచ్చింది.

"డెబ్బై మూడో పేజీ తెరువు."

"అది పులులు దండెత్తినప్పటిదండీ. 'చారలు కనబడితే ప్రశ్నించక మీదపడు' అని ఉంది. నాకూ నా పిల్లలకీ చారలున్నాయి దొరా!"

"నిన్ను చూసి పులనుకుంటారటే? నేను అక్షరం మార్చమన్నానా? బంకకి ఆవిరి పట్టు, లేదా ఉద్యోగం వదులు."

ఉడుత ఆవిరి పట్టి, నలభై పుస్తకాల్లోనూ ఆ పేజీ విప్పింది.

మొదటి వారం అరవై పట్టుబడ్డాయి. అన్నీ ఒంటిమీద చారలున్న అడవిపంది పిల్లలే. సభ చప్పట్లు కొట్టి, కాపలాని ఎనభైకి పెంచింది. పాత పుస్తకాల్లో ఆ పేజీకి బంక లేదు కనక కొత్తవాటిలోనూ లేదు.

రెండో వారం ఉడుతల వంతు. మన ఉడుత ముగ్గురు పిల్లల్నీ తొర్రలో కుక్కి, సభకి అర్జీ పెట్టింది. సభ పంపిన కొంగ తొమ్మిది రోజులు పుస్తకాన్ని అసలు ప్రతితో పోల్చి చూసింది.

"అక్షరదోషం లేదు. కనక సమస్య లేదు."

"పేజీ తెరిచి ఉంది కదండీ!"

"తెరవడం, మూయడం నా పరిశీలనలోకి రావమ్మా."

మర్నాడు దుమ్ములగొండి పతకాలు పంచడానికి కుక్కల ముందుకొచ్చింది. ఎండ దాని డొక్కల మీద పడింది. అక్కడా చారలే.

"ఒరేయ్, నేను మీ అధికారిని రా!"

"ప్రశ్నించకూడదని ఉందండీ. మీరూ మమ్మల్ని అడక్కండి."

"ఉడుతమ్మా! బంక!"

"ఉత్తర్వు లేనిదే ఎలా దొరా? ఇక్కడ పంజా ముద్ర వెయ్యండి."

ముద్ర పడింది. ఎనభై పుస్తకాలు, రోజుకి ఇరవై: నాలుగు రోజులు. ఉడుత మొదట తన చెట్టుకింది కుక్క పుస్తకం అందుకుంది. అయిదో రోజు పొద్దున్న పిల్లలు ముగ్గురూ చెట్టు దిగారు. దుమ్ములగొండి రెండో రోజుదాకా ఆగలేకపోయింది. సభ సంతాపం తెలిపి, మరణంలో అక్షరదోషం లేదని నమోదు చేసింది.

నీతి: పుస్తకంలో తప్పు లేదని తేలితే, తప్పు నీ చారలదే.