‘ఉక్కపోత’ మూడో చరణం

ఖతార్‌లో తెలుగువారికి ‘ఉక్కపోత’ అనే న్యూ వేవ్ పాప్ బృందం ఒకటి ఉన్నదనీ, అది ఆరేళ్లుగా కళాసేవ చేస్తున్నదనీ, ఆ సేవను ఇంతవరకు ఎవరూ పూర్తిగా పొందలేదనీ ఇందుమూలముగా తెలియజేయడమైనది.

బృందంలో ముగ్గురు. ముషైరిబ్‌లో ఓ ఆఫీసు భవనం ఏసీలు చూసుకునే జగిత్యాల గయాజ్ పాట రాసి, పాడతాడు. అల్ హిలాల్‌లో క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చునే అమలాపురం సుకుమారి కీబోర్డు వాయిస్తుంది. దుఖాన్‌లో సేఫ్టీ డ్యూటీ చేసే గుడివాడ ఆస్టిన్ డ్రమ్ మెషీన్ బటన్ నొక్కి, అది సరిగ్గా కొడుతోందో లేదోనని గంభీరంగా చూస్తూ నిలబడతాడు. సినిమా పాటలు ముట్టం, సొంత పాటే పాడతామని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. దాంతో వారి భవిష్యత్తు మొదటిరోజే ఖరారైపోయింది.

ఉన్నది ఒకే పాట, అయినా గొప్ప పాట. మొదటి చరణంలో వీసా వస్తుంది. రెండో చరణంలో ఇరవై రోజుల సెలవు మీద పెళ్లవుతుంది. మూడో చరణం గయాజ్ కూతురు ఆఫియా పుట్టిన రోజున రాసింది. ఆ రోజు అతను ఏసీ మెషీన్ల హోరులో నిలబడి ఫోనులో బిడ్డ మొహం చూశాడు, ఏడ్చాడు, మొహం తుడుచుకుని డ్యూటీకి పోయాడు. ఆ ఒక్క చరణం నలుగురు కూర్చుని వింటే చాలు, జన్మకు ఇంకేమీ అక్కర్లేదని అతని కోరిక. సభలో పాడాకే నీకు వినిపిస్తానని బిడ్డకు మాట కూడా ఇచ్చాడు.

కోరిక చిన్నదే. అడ్డం పడ్డవి ఖతార్ రోడ్లు. సర్వాంధ్ర తెలంగాణ సాంస్కృతిక సమన్వయ సంఘం కార్యదర్శి ధర్మరాజు గారు క్రమశిక్షణ కలిగిన మనిషి. ముఖ్య అతిథి కారు చివరి సిగ్నల్ దాటిందని ఫోను వస్తే తప్ప ‘ఉక్కపోత’ను వేదిక ఎక్కనివ్వరు. ముందే ఎక్కనిస్తే ప్రకటనలకూ, పిల్లల డాన్సులకూ, అడ్డంగా పెట్టిన తెల్లకారు నంబరు చదవడానికీ వ్యవధి చాలదు. పాట అయిదున్నర నిమిషాలు. సిగ్నల్ నుంచి హాలు గుమ్మానికి నాలుగు నిమిషాలు. ఇంత నున్నటి రోడ్లున్న దేశంలో మూడో చరణానికి చోటెక్కడిది? రెండో చరణం ముగిసేసరికి అతిథి గుమ్మంలో ప్రత్యక్షమవుతారు, ధర్మరాజు గారు చెయ్యి ఊపుతారు, జనం లేచి నిలబడతారు, బృందానికి శాలువాలు కప్పి సగౌరవంగా కిందికి దింపుతారు. ఇలా పదకొండు సభలు జరిగాయి. సుకుమారి ఇంట్లో సోఫాలకు ఇప్పుడు ఆ శాలువాలు తప్ప వేరే కవర్లు లేవు.

ప్రయత్నలోపం లేదు. వేగం పెంచి పాడితే పిల్లలు వేదికెక్కి గంతులేశారు. మూడో చరణమే ముందు పాడేద్దామని ఆస్టిన్ సలహా ఇచ్చాడు. పెళ్లి కాకముందే పురుడు పోసినట్టుంటుందని గయాజ్ ససేమిరా అన్నాడు. కీర్తి మాత్రం దినదిన ప్రవర్ధమానమవుతూనే ఉంది. సంఘం వార్షిక సంచికలో ‘తగిన గుర్తింపు దక్కని మన ఉక్కపోత’ అని ఆరు పేజీల వ్యాసం అచ్చయింది. రాసినవారు పాట వినలేదు. వింటే నిష్పాక్షికత దెబ్బతింటుందని వారి అభిప్రాయం.

ఈ ఏడాది రావలసిన ముఖ్య అతిథికి విమానం తప్పిపోయింది. తెల్లవారితే సభ. ధర్మరాజు గారు ఆలోచించి గయాజ్‌కు ఫోను చేశారు.

“గుర్తింపు దక్కలేదని మనమే రాశాం కదండీ, గయాజ్ గారూ. అదేదో మనమే ఇచ్చేద్దాం. ఈసారి ముఖ్య అతిథి మీరే.”

“మరి పాట ఎవలు పాడాలె సార్?”

“ముఖ్య అతిథి పాడితే ఏం బావుంటుందండీ? సుకుమారి గారు పాడతారు.”

గయాజ్ ఒకటే షరతు పెట్టాడు, మూడు చరణాలూ కావాలని. మీరు గుమ్మంలోకి వచ్చేదాకా పాట ఆగదని ధర్మరాజు గారు మాటిచ్చారు. ఇంకేం కావాలి? ఆగడమా, రావడమా అన్నది ఇప్పుడు గయాజ్ చేతిలోనే ఉంది. సభ లైవులో వస్తుంది, ఆఫియాను ఫోను ముందర కూర్చోబెట్టమని జగిత్యాలలో భార్య ఫర్హాకు కబురు చెప్పాడు. సుకుమారికి చరణం వల్లె వేయించాడు. ఆస్టిన్ దగ్గర కోటు అరువు తెచ్చుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆనవాయితీ ప్రకారం అతన్ని సిగ్నల్ అవతల కారులో గంటన్నర కూర్చోబెట్టారు. వేళకు వచ్చే అతిథికి విలువుండదు కదా. పిలుపు రాగానే కారు కదిలింది, నాలుగో నిమిషానికి హాలు బయట దిగాడు. తలుపు సందులోంచి సుకుమారి గొంతు వినిపిస్తోంది. రెండో చరణం అయిపోయింది. ఆరేళ్లలో మొదటిసారి మూడోది మొదలైంది. హాల్లో చంటిపిల్ల కూడా కిక్కురుమనలేదు. గయాజ్ కళ్లు చెమ్మగిల్లాయి. ఇంకో నిమిషన్నర అక్కడే నిలబడితే చాలు.

అప్పుడు ఫోటోగ్రాఫర్ వచ్చాడు. “సార్, రండి సార్. అంతా మీకోసమే వెయిటింగ్ సార్.”

తొమ్మిదేళ్లలో ఆ దేశంలో గయాజ్‌ను సార్ అన్నవారు లేరు. ఇతనేమో ఒక్క ఊపిరిలో మూడుసార్లు అన్నాడు. కాళ్లు వాటంతటవే కదిలాయని గయాజ్ తర్వాత చెప్పుకున్నాడు. కాళ్లకు ఆ గుణం ఉంది లెండి.

ధర్మరాజు గారు చెయ్యి ఊపారు. ఆస్టిన్ బటన్ నొక్కి డ్రమ్ మెషీన్ ఆపేశాడు. సుకుమారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. హాల్లో నిప్పు వెలిగించకూడదు కనుక గయాజ్ బ్యాటరీ దీపాన్ని స్విచ్ నొక్కి ప్రజ్వలనం చేసి, నలభై నిమిషాలు ప్రసంగించాడు. కళాకారుడి పాట కడదాకా వినే సంస్కారం మన జాతిలో కొరవడిందని ఆవేదన వ్యక్తం చేశాడు. ఆ మాటకు రెండుసార్లు చప్పట్లు పడ్డాయి.

సభ అయ్యాక సుకుమారి కీబోర్డు సంచీలో పెట్టుకుంటూ అడిగింది. “ఒక్క నిమిషం ఆగుంటే అయిపోయేది కదన్నయ్యా?”

“అందరు లేచి నిలవడ్డరు చెల్లె. కూసోండ్రని ఎట్ల అనాలె?”

ఆఫియా ప్రసంగం మొదలుకాగానే లేచిపోయి కార్టూన్లు పెట్టుకుందని ఫర్హా చెప్పింది. నా పాట ఏదమ్మీ అని రెండుసార్లు అడిగిందట. గయాజ్‌కు గుండెలో కలుక్కుమంది. ఆ బాధ నిజమైనదే, రెండురోజులు అన్నం సయించలేదు. మూడోనాడు ఇంకో సంఘం వారు ముఖ్య అతిథిగా పిలిచారు. కోటు ఎన్నాళ్లని అరువు తెస్తాం అనుకుని, సొంతంగా ఒకటి కుట్టమని దర్జీకి కొలతలిచ్చి వచ్చాడు.

మూడో చరణాన్ని పాఠకమహాశయుల కోసం ఇక్కడ పూర్తిగా అచ్చువేయాలనే సంకల్పించడం జరిగింది. కాని మీ ఫోను మోగుతోంది. ముందది చూసుకోండి, ఎవరో పెద్దవారై ఉంటారు.