మాత్రలకు మొలిచిన సూదులు

డాక్టరు జగన్నాధంగారు పర్లాకిమిడి నుంచి వచ్చి పన్నెండు గంటల బస్సు దిగేలోపు ఆస్పిరిన్ మాత్రలను కొత్త సీసాలోకి మార్చెయ్యాలి. అరవై ఎనిమిదో సంవత్సరం శ్రావణమాసంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, పాతపట్నం డిస్పెన్సరీ కాంపౌండరు భీమశంకరరావు వేసుకున్న పథకం అంతే. పాత సీసా గాజుమూత పది రోజుల కిందట అతని చేతిలోనే పగిలింది. ముక్కలు ఏరి పారేసి, సీసా మూతికి కాగితం చుట్టి, సంగతి కడుపులో దాచుకున్నాడు. వానాకాలంలో సీసాకి మూత లేకపోతే నీకు ఉద్యోగం ఉండదని డాక్టరుగారు రోజూ చెప్పేవారు మరి.

సీసా మూతికి చుట్టిన కాగితం విప్పి లోపలికి చూశాడు. మాత్రల నిండా సన్నగా తళతళలాడే సూదులు. గాజు! తను ఏరగా మిగిలిన గాజు! నిన్న సాయంత్రం మసక వెలుతురులో, ఇదే సీసాలోంచి నాలుగు మాత్రలు చెంచాతో తీసి దాలమ్మకు తలనొప్పికని పొట్లం కట్టాడు.

కడుపులో గాజు పడితే అరటిపండు దాన్ని చుట్టుకుని కిందికి లాగేస్తుందని అతని నాయనమ్మ చెప్పేది. డజను పళ్ళు కొని, గొడుగైనా లేకుండా వానలో పరుగెత్తాడు. దాలమ్మ ఈపాటికే పోయి ఉంటే? దారి పొడుగునా అదే భయం.

దాలమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"పిన్నీ, నిన్నటి మాత్రలు ఏసుకున్నావా?"

మాత్ర మింగలేదంటే ఈ కాంపౌండరు కసిరి చంపుతాడని ఊరందరికీ తెలుసు. "నాలుగూ ఏసీసుకున్నాను బాబూ" అంది.

భీమశంకరరావు పళ్ళన్నీ ఆమె ఒళ్ళో పెట్టాడు. "అయితే ఈ పళ్ళన్నీ తినీ."

"ఏటి బాబూ, నీకేటైనాది? ఒక్క మాత్ర ఎక్కువియ్యనోడివి, పళ్ళు తెచ్చినావేటి?"

"తిను పిన్నీ, నీకు దండం పెడతాను!"

అతను దండం పెట్టడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. దాలమ్మ హడలిపోయి తినడం మొదలుపెట్టింది. ఎనిమిదో పండు దగ్గర ఆమె కొడుకు చినబాబు పొలం నుంచి వచ్చాడు. అమ్మ గుటకలు వేస్తోంది, కాంపౌండరు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మా యమ్మకి ఏటున్నాది? నిజం సెప్పు!"

"ఏటీ లేదు చినబాబూ" అంటూ భీమశంకరరావు బావురుమన్నాడు.

ఆ ఏడుపు చూసి దాలమ్మ పని అయిపోయిందనుకున్నారు అందరూ. కోడలు నీలవేణి శోకాలు అందుకుంది. జబ్బుమనిషిని వట్టి చేతులతో చూడకూడదని ఇరుగుపొరుగులు తలా నాలుగు అరటిపళ్ళు తెచ్చారు. భీమశంకరరావు అవి కూడా ఒలిచి పెట్టాడు. డాక్టరుగారు వచ్చే వేళైందని నలుగురూ దాలమ్మను మంచం మీద పడుకోబెట్టి ఎత్తుకుని డిస్పెన్సరీకి చేరేసరికి, ఆయన అప్పుడే తలుపు దగ్గర చేతిసంచీ దించుతున్నారు.

భీమశంకరరావు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "మూత నానే పగలగొట్టీసినాను బాబూ! గాజు మాత్రల్లో కలిసిపోనాది. ముసిల్దాన్ని నా సేతుల్తో సంపీసినాను!"

డాక్టరుగారు సీసా వాసన చూశారు. ఒక సూదిని తీసి వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది.

"గాజు ఎక్కడైనా ఇలా నలుగుతుందిటయ్యా? ఆ పుల్లటి వాసన చూడు. మూత లేక తేమ తగిలి మాత్రలే చెడి, ఇలా సూదులు కట్టాయి. మింగితే కాస్త కడుపు మండుతుంది కానీ ప్రాణం పోదు."

దాలమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నానేసుకుంటే కదా బాబూ! పులుపు కంపు కొడతన్నాయని పెంట మీద పారేసినాను. సెప్తే కసురుతాడని అబద్దమాడినాను. ఈ పళ్ళకే కడుపు పగిలిపోతన్నాది!"

భీమశంకరరావు తలవంచుకుని అజీర్తి మందు కలపడానికి లోపలికి వెళ్ళాడు. మందు అతనే కలిపాడు. సీసాకి మూత మాత్రం డాక్టరుగారు పెట్టారు.