కోటలో దొంగలు పడ్డారు

ఆదివారం పొద్దున్నే సింధు హన్మకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కింది. కాకతీయుల నాటి ఒక దొంగతనం మీద ఆమె నవల రాస్తోంది. ముఠా కోటలోకి చొరబడింది గానీ బయటపడే దారే ఆమెకు తట్టడం లేదు. ఆ కోట రాళ్ల మధ్య కూర్చుంటే తడుతుందేమోనని బయలుదేరింది. దారిలో స్నేహితుడు అఖిల్‌కు ఫోన్ చేసింది.

"ఇయ్యాల ఎట్లయినా తోరణం కింది రాయి బయటికి తియ్యాలె అఖిల్. కాపలోళ్ల కల్లుల మత్తుమందు కలుపుడు అయిపోయింది. ఏనుగుతోనే పరేషాన్."

పక్కనే సీతాఫలాల గంపతో కూర్చున్న బక్కమ్మ ఆ మాటలు విని గంపను గట్టిగా పట్టుకుంది. ఆటో దిగీ దిగగానే కోట దగ్గర చాయ్ కొట్టు మల్లక్క చెవిన వేసింది. "రాయి ఎత్కపోతాండ్లటనే!" మల్లక్క నుంచి పోలీసులకు చేరేసరికి రాయి తోరణమైంది, ఏనుగు క్రేనైంది, కాపలావాళ్లు దవాఖానలో చేరారు.

సింధుకు ఇవేవీ తెలియవు. ఎన్నిసార్లు చూసినా ఆ రాతి తోరణం ముందు ఆమెకు మాట పడిపోతుంది. అలా తలెత్తి చూస్తుండగానే జీపు వచ్చి ఆగింది. ఎస్సై శోభారాణి కానిస్టేబుల్‌తో దిగి, బక్కమ్మ వేలు పెట్టి చూపించిన సింధు దగ్గరికి వచ్చింది.

"క్రేన్ ఏది? ముఠాల ఎవరెవరున్నరు?"

సింధు బెదిరిపోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "చీకటంటే భయపడే దొంగ, లెక్క తప్పే జ్యోతిష్కుడు, ఒక మూగపిల్ల, చప్పుడుకు బెదిరే ఏనుగు మేడమ్."

"ఏనుగా?"

"కథ మేడమ్. నేను నవల రాస్తాన్న."

"అయితే చెప్పు. నిజమో అబద్ధమో నేను తేలుస్త."

సింధు మొదలుపెట్టింది. ఆ మూగపిల్ల గొంతును ఒక మాంత్రికుడు పసితనంలోనే దొంగిలించి తోరణం కింది రాతిలో బంధించాడు. ముఠా వచ్చింది దాని కోసమే. వింటూ వింటూ చుట్టూ మూగిన జనం ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు. సీతాఫలాలు బేరమాడబోయిన మనిషిని బక్కమ్మ కసిరింది. కథలో కాపలావాళ్లు కళ్లు తెరవగానే ఆమే అరిచింది. "అయ్యో, ఉరుకుండ్రి బిడ్డా!"

"తర్వాత?" అంది శోభారాణి.

"నాకూ తెల్వది మేడమ్. ఆ రాయిని మోసుకొని బయటపడుడు ఎట్లనో సమజైతలేదు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. సింధు మళ్లీ తోరణం కేసి తలెత్తింది.

"మొయ్యరు! అక్కడ్నే పలగ్గొడ్తరు. పిల్లకు గొంతొస్తది. ఆమె పాడుతది. కాపలోళ్లు ఈటెలు కింద పెట్టి కండ్లు మూసుకుంటరు. ఏనుగు కూడా బెదరదు. పాట ఆగి కండ్లు తెరిచేసరికి అక్కడ ఎవ్వరుండరు."

బక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కానిస్టేబుల్ తన లాఠీ ఎప్పుడు కింద పెట్టాడో అతనికే తెలియదు.

అంతలో వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. "మేడమ్, దొంగలు దొరికిన్రా?"

"లేదు, తప్పించుకున్నరు" అంది శోభారాణి, పరమ సంతోషంగా.