విశేషమేమీ లేదండీ, సలహా చెప్పండి!

అడగకుండానే ఇంటికొచ్చి మరీ ఇచ్చిపోయేది ఈ లోకంలో ఒక్కటే: సలహా. అది మీకు పుష్కలంగా అందాలంటే ఎండోమెట్రియోసిస్ రావాలి, దాంతోపాటు బిడ్డ కావాలన్న కోరిక కూడా ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. నా అదృష్టం చూసి మీరు కుళ్ళుకోవాల్సిందే!

జబ్బు పేరు చూసి బెదిరిపోకండి. గర్భాశయం లోపల బుద్ధిగా ఉండాల్సిన పొర లాంటిది బయట కూడా పెరుగుతుంది. లోపల అద్దెకున్నవాళ్ళ చుట్టాలు వరండాలోనూ, పిట్టగోడ మీదా కాపురం పెట్టారనుకోండి. నెలనెలా వాళ్ళంతా కలిసి గొడవ చేస్తారు. నేను మంచం మీద మెలికలు తిరుగుతాను. అంతే!

పెళ్ళికి ముందు మా అమ్మ "ఆడపిల్లవి, ఆ మాత్రం నొప్పి మామూలే" అంది. ఊళ్ళో డాక్టరమ్మ "పెళ్ళయితే తగ్గిపోతుంది" అంది. పెళ్ళయింది. నొప్పికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక అక్కడి నుంచి నాకు భోగమే! ఒక పిన్ని వేడి చేసేవి తినొద్దంది. ఇంకో పిన్ని చలవ చేసేవి ముట్టుకోవద్దంది. ఇద్దరి మాటా నిలబెట్టాలని చూస్తే చివరికి గోరువెచ్చటి నీళ్ళు మిగిలాయి. రంగు తేలిందని అందరూ మెచ్చుకున్నారు.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నా ఒంట్లో నా మాట వినేది అదొక్కటే, అదీ ఒంట్లో లేదు! క్లచ్ ఏదో బ్రేకు ఏదో ఇంకా తెలియని ఒకాయన మొన్న "మేడమ్, మీరు టెన్షన్ పడతారు కాబట్టే పిల్లలు కలగట్లేదు. రిలాక్స్ అవ్వాలి" అన్నాడు. రిలాక్స్ అవడమెలాగో చూపించడానికి స్టీరింగ్ రెండు చేతులా వదిలేశాడు. ఎదురుగా లారీ!

మావారి సంగతి కూడా చెప్పాలి. మా ఫోన్లలో, బిడ్డ కోసం ప్రయత్నించడానికి అనువైన రోజులు లెక్కగట్టే యాప్ ఒకటి ఉంది. అది మోగిన రోజు ఆయన ఆఫీసు నుంచి ఆఖరి బస్సు అందుకునేవాడిలా పరుగెత్తుకొస్తారు. ఒకసారి నేను వేడినీళ్ళ బ్యాగు పొట్టకి అదుముకుని పడుకుని ఉన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, టై సగం విప్పి, "మరి... యాపూ?" అన్నారు.

"దాంతోనే కానివ్వండి" అన్నాను.

పాపం, టై మళ్ళీ కట్టుకున్నారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

బిడ్డ కావాలని నాకూ ఉందండీ. ప్రతి నెలా ఆశ పెట్టుకుంటాను, ప్రతి నెలా బాత్రూంలో ట్యాప్ తిప్పి ఏడుస్తాను. బయటికొచ్చి ముఖం తుడుచుకునేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏమైనా విశేషమా?" అంటారు. టైమింగ్ అంటే అదీ!

ఇలా అడిగేవాళ్ళలో మా అత్తగారు హోల్‌సేల్. ఈ మధ్య ఆవిడకి కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. "ఎక్కడికెళ్ళాలన్నా మీ మామయ్యని బతిమాలలేకపోతున్నానే" అన్నారు. మహా సంతోషించాను. ఇల్లు సరిపోనట్టు ఇక కార్లో కూడా సలహాలే!

ఆవేళ ఫ్యాక్టరీ గోడ పక్కన ఖాళీ రోడ్డు మీద వెళ్తున్నాం. ఆవిడ యోగాసనాల మీద ఉపన్యాసంలో ఉన్నారు. నాకు ఉన్నట్టుండి పొట్టలో మెలిపెట్టింది. సీటు బెల్టుతో సహా వంగిపోయాను. తెలియకుండానే బ్రేకు తొక్కేశానేమో, కారు ఆగిపోయింది.

"నేనేం తప్పు చేశానే?" అన్నారు కంగారుగా.

"మీరు కాదత్తయ్యా... నొప్పి."

ఆవిడ స్టీరింగ్ వదిలి నా వైపు తిరిగారు. నా నుదుటి చెమట కొంగుతో తుడిచారు.

"ఇంత నొప్పా! ఎప్పట్నుంచే?"

"స్కూల్లో చదివే రోజుల్నుంచీ."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడిగేది వేరే కదా అత్తయ్యా."

ఆవిడ స్టీరింగ్ పట్టుకుని, యోగాసనాల ఉపన్యాసం సగంలోనే వదిలేశారు. నేను కాపురానికొచ్చాక అది మొదటిసారి! తర్వాత గేరు వేశారు. సెకండ్ గేరు దాటడం ఆవిడకి రాదు. ఆ సెకండ్ గేరులోనే, మెయిన్ రోడ్డు మీద, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెనకాల హారన్లు మోగిపోతుంటే తల బయటపెట్టి "లోపల మనిషి నొప్పితో ఉంది, కాస్త ఆగండయ్యా!" అని అరిచారు. నేను పొట్ట పట్టుకుని మూలుగుతూనే "ఇండికేటర్, ఇండికేటర్" అంటున్నాను. వృత్తిధర్మం!

అక్కడి కుర్ర డాక్టరు నా ఫైలు తిరగేసి చల్లగా నవ్వాడు. "ఏం లేదమ్మా, ఒక బిడ్డ పుడితే ఇదంతా సర్దుకుంటుంది."

మా అత్తగారు కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నారు.

"ఇది ఉంటే బిడ్డ పుట్టడం కష్టమంటారు. బిడ్డ పుడితే ఇది పోతుందంటారు. ఎందులోంచి ఎందులోకి వెళ్ళమంటావు నాయనా? పుట్టబోయేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు పుట్టి పెరిగి నీ ముందు మెలికలు తిరుగుతున్న ఈ పిల్లకి మందివ్వు!"

ఇంజెక్షన్ వెంటనే వచ్చింది. ఈ జబ్బు బాగా తెలిసిన పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ నొప్పికి వైద్యం మొదలుపెట్టారు, బిడ్డ సంగతి కూడా చూద్దామన్నారు. ఖాయమని మాత్రం అనలేదు. అలా అననందుకే ఆవిడ నాకు నచ్చారు.

కాబట్టి పాఠకులారా, మీరు సలహాలు ఆపొద్దు. తలకిందులుగా పడుకోమనండి, పడుకుంటాను. కాకపోతే ఇన్నేళ్ళుగా మీరంతా ఇంకా రాని మనిషి క్షేమమే అడుగుతున్నారు. సలహాకీ సలహాకీ మధ్య ఊపిరి తీసుకుంటారు చూడండి, అప్పుడు ఒక్కసారి ఈ ఉన్న మనిషిని "నొప్పిగా ఉందా?" అని అడిగి చూడండి. మీకు శ్రమ లేకుండా జవాబు కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఉందండీ. చాలా ఉంది.