గెలిచినందుకు నూటికి అరవై

గెలవడం నేరం కాదని లెవెల్‌గ్రౌండ్ పందేల సంస్థ ఏప్రిల్ ఒకటో తేదీన అధికారికంగా ప్రకటించింది. దానికి రుసుము మాత్రమే ఉంటుందని, ఆ రుసుమును ఎవరూ శిక్షగా భావించవద్దని, భావించినవారికి రుసుము పెరిగే అవకాశం ఉందని కూడా అదే ప్రకటనలో ఉంది.

మనుషులు ఇంతకాలం ఓటమి గురించే బాధపడుతూ వచ్చారు. గెలుపు వల్ల సంస్థలకు కలిగే కష్టాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికి లీడ్స్ నగరంలో ఒక గాజు మేడ ఐదో అంతస్తులో ‘విజేతల దిద్దుబాటు విభాగం’ వెలిసింది. దాని అధిపతి గైల్స్ పెంబర్టన్ గారు. (ఆయన అంతకుముందు ఒక నీటి సరఫరా సంస్థలో ఉండేవారు. నీళ్లు తక్కువ వాడేవారి మీద అదనపు రుసుము వేసి అక్కడ పేరు తెచ్చుకున్నారు.)

లెవెల్‌గ్రౌండ్ మామూలు పందేల దుకాణం కాదు. దుకాణంలో మనం దుకాణదారుతో పందెం కాస్తాం. ఇక్కడ జనం జనంతోనే కాస్తారు. ఫలానా గుర్రం గెలుస్తుందని ఒకరు ఫోనులో నొక్కితే, గెలవదని ఇంకొకరు నొక్కుతారు. అవతల ఉన్నదెవరో పేరు కనబడదు. సంస్థ మధ్యలో కూర్చుని, గెలిచినవారి దగ్గర నూటికి రెండు తీసుకుంటుంది. ఎవరు గెలిచినా దానికి ఒకటే. చాలా ఏళ్లు ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా లాభాలు తెచ్చింది కాబట్టి, దాన్ని పరిశీలించడానికి ఒక సంఘాన్ని వేశారు.

సంఘం ఒక విషయం కనిపెట్టింది. ఓడేవారి డబ్బు సంస్థలోనే చేతులు మారుతూ ఉంటుంది. మారిన ప్రతిసారీ సంస్థకు నూటికి రెండు రాలతాయి. నిలకడగా గెలిచేవారు మాత్రం డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. (ఇంటికి వెళ్లే ఈ అలవాటును నివేదిక ‘బాధ్యతారాహిత్యం’ అంది.) దాంతో నిలకడగా గెలిచేవారి మీద మొదట నూటికి ఇరవై పెట్టారు. బాగుందనిపించి నలభై చేశారు. ఈ ఏప్రిల్‌లో అరవై చేశారు.

మా రిపన్ ఊళ్లో ఈ రుసుముకు అర్హత సాధించిన వ్యక్తి ఒక్కరే. ఈనిడ్ హార్డ్‌కాసిల్. వయసు అరవై మూడు. నలభై ఏళ్లు పందెపు గుర్రాల శాలల్లో పేడ ఎత్తి, మాలీషు చేసి, కాళ్లకు కట్లు కట్టి మానేసిన మనిషి. ఆమెకు ట్రీకిల్ అని ఒక ముసలి ఆడగుర్రం ఉంది. వయసు ఇరవై నాలుగు. ఒకప్పుడు ఆమె చేతిమీదే పెరిగిన ఆ గుర్రం పరుగు మానేశాక ఎవరికీ అక్కర్లేకపోతే ఈనిడ్ తీసుకుంది. ఊరి చివర మిసెస్ ప్రాక్టర్ శాలలో వారానికి తొంభై పౌండ్లు కట్టి ఉంచుతోంది. అలాంటి గుర్రాన్ని ఎవరూ కొనరు. కట్టలేనివాళ్ల ఇంటికి ఒక లారీ వస్తుంది. అది తీసుకెళ్లిన గుర్రాల గురించి మా వైపు ఎవరూ అడగరు.

తొంభై పౌండ్లు పందెపు మైదానంలో వచ్చేవి. పరుగుకు ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించి చూపిస్తారు కదా, ఆ వలయం కంచె పక్కన ఈనిడ్ గొడుగు వేసుకుని నిలబడుతుంది. చూస్తుంది. ఏ గుర్రానికి ఓపిక అయిపోయిందో తేలగానే, అది గెలవదని ఫోనులో నొక్కుతుంది. నూటికి నలభై పోగా మిగిలినది సరిగ్గా గడ్డికి సరిపోయేది.

ఆమెతో బడిలో చదివిన క్లైవ్ ఓల్డ్‌రాయిడ్ కూడా మైదానానికి వస్తాడు. ఆయన పేరు బాగున్న గుర్రం మీద కాస్తాడు. పదకొండేళ్లుగా ఒక్క నెల తప్పకుండా ఓడుతున్నాడు. సంస్థ ఆయనకు ఏటా పుట్టినరోజు కార్డు పంపుతుంది.

అరవై అన్న ఉత్తరం వచ్చిన రోజు ఇద్దరూ టీ బండి దగ్గర నిలబడ్డారు.

“ఎవడో మహానుభావుడు నా ఇరవై పౌండ్లు కళ్లు మూసి తెరిచేలోగా పట్టుకుపోయాడే,” అన్నాడు క్లైవ్.

“నేనేరా.”

“నువ్వా! అంటే నా డబ్బుతోనే నాకు టీ ఇప్పిస్తున్నావా?”

“లేదు. నీది గుర్రానికి. టీ నా సొంతం.”

“సిగ్గులేని మనిషివి. తినడానికి ఒక మాంసం పై కూడా ఇప్పించు అయితే,” అన్నాడు క్లైవ్. ఉత్తరం చూశాక తిండి సంగతి మర్చిపోయాడు. “ఇరవై పట్టుకెళితే పన్నెండు వాళ్లకా? పరిగెత్తేది గుర్రం, ఓడేది నేను, వానలో తడిసేది నువ్వు. మరి వాళ్లేం చేశారే?”

“మధ్యలో కూర్చున్నారు.”

“మరి గుర్రానికి?”

“దానికి వచ్చే నెల నుంచి గడ్డి ఉండదు,” అంది ఈనిడ్.

ఉత్తరం చివర, అభ్యంతరాలున్న విజేతలు స్వయంగా హాజరు కావచ్చని ఉంది. ఆమె బస్సెక్కి లీడ్స్ వెళ్లింది. పెంబర్టన్ గారు మర్యాదగా కూర్చోబెట్టారు.

“మీరు ఎప్పటినుంచి గెలుస్తున్నారు, మిసెస్ హార్డ్‌కాసిల్?”

“ఆరేళ్లయిందండి.”

“ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“మా ఆయనకు లేదండి. పోయారు.”

“మంచిది,” అని రాసుకున్నారు. “ఎలా గెలుస్తున్నారు?”

“గుర్రాన్ని చూస్తానండి.”

“చూడటం అంటే, ఏ సాఫ్ట్‌వేర్‌లో?”

“కళ్లతో. వెనక కాళ్ల మధ్య చెమట నురగ కట్టి, తోక అస్తమానం విసురుతుంటే దాని సత్తా అక్కడే అయిపోయిందని లెక్క.”

పెంబర్టన్ గారు ఫారం తిరగేశారు. గెలుపుకు కారణాల కింద అందులో నాలుగు గళ్లున్నాయి: గణిత సూత్రం, లోపలి సమాచారం, అదృష్టం, ఇతర నేరం. ఆయన ఆలోచించి నాలుగోదానికి టిక్కు పెట్టారు.

“మీరిలా గుర్రాలను చూడటం మిగతా ఖాతాదారులకు అన్యాయం కాదంటారా?”

“వాళ్లూ చూడొచ్చు కదండీ. కంచె పక్కనుంచే వెళతాయి.”

“వాళ్లు ఫోను చూసుకుంటూ ఉంటారు,” అన్నారు పెంబర్టన్ గారు, మందలింపుగా. తర్వాత కాస్త మెత్తబడి మినహాయింపు నియమం వివరించారు. పదమూడు వారాలు వరసగా ఓడినవారికి రుసుము మళ్లీ నూటికి రెండే అవుతుంది. అయితే మనస్ఫూర్తిగా ఓడాలి. కావాలని ఓడినట్టు తేలితే ఆ ఓటమి గెలుపు కింద జమ అవుతుంది.

“నేను ఓడితే అవతలివాడు గెలుస్తాడు కదండీ?” అని అడిగింది ఈనిడ్.

పెంబర్టన్ గారు ఫారం మూసేశారు. “అది వేరే విభాగం,” అన్నారు.

ఈనిడ్ ఇంటికి వచ్చి పందేలు మానేసింది. దేశంలో మిగతా విజేతలూ అదే పని చేశారని తర్వాత తెలిసింది. వెళ్తూ వెళ్తూ అందరూ అరవై చొప్పున కట్టి వెళ్లారు కాబట్టి, ఆ నెల సంస్థ చరిత్రలో ఎన్నడూ లేనంత లాభం వచ్చింది. ఐదో అంతస్తులో కేకు కోశారు.

మరుసటి నెల క్లైవ్ ఈనిడ్‌కు ఫోను చేశాడు.

“ఈనిడ్, నా ఇరవై పౌండ్లు గంట నుంచీ అలాగే పడున్నాయే. ఒక్కడూ ముట్టుకోవట్లేదు. నాకేమన్నా అంటురోగం ఉందనుకుంటున్నారా?”

“అవతల ఎవరూ లేరురా. అందరూ వెళ్లిపోయారు.”

“మరి నేనెలా ఓడాలి?”

ఈ ప్రశ్న దేశవ్యాప్తంగా లేచింది. ఓడటానికి సిద్ధంగా ఉన్న లక్షలాది ఖాతాదారులు గంటల తరబడి నిరీక్షించి, విసుగెత్తి, ఓడకుండానే పడుకుంటున్నారు. పందెం కుదరకపోతే నూటికి రెండూ లేవు. నలభై కూడా లేవు, అరవై కూడా లేవు. సంస్థ కంగారుపడి అధ్యయనం చేయించింది. రెండు వందల పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. దాని సారాంశం: ‘ప్రతి పందెంలోనూ ఒకరు గెలుస్తున్నట్టు గుర్తించాం. ఈ లోపం మొదటి నుంచీ ఉన్నట్టు కనబడుతోంది.’

లోపాన్ని సరిదిద్దడానికి, గెలిచేవారి స్థానంలో జీతగాళ్లను పెట్టాలని తీర్మానించారు. వారు సంస్థ డబ్బుతోనే ఖాతాదారులకు ఎదురు కాస్తారు. ఈ పనిలో అనుభవం ఉన్నవారి జాబితా కోసం వెతికితే, విజేతల దిద్దుబాటు విభాగంలో దొరికింది.

ఆ సమయానికి మిసెస్ ప్రాక్టర్ రెండు వారాలు ఓపిక పట్టి ఉంది. “నేనూ గడ్డి కొనుక్కోవాలి కదమ్మా. నెలాఖరు దాకా చూస్తా. ఆపైన లారీవాడికి ఫోను నువ్వే చెయ్యి, నా చేత చేయించకు,” అంది. వారానికి నూట నలభై పౌండ్ల జీతమన్న ఉత్తరం ఆ వారమే వచ్చింది. ఈనిడ్ సంతకం పెట్టేసింది. నియమావళి సంతకం పెట్టిన తర్వాత ఇచ్చారు.

అందులో పంతొమ్మిదో నియమం: పక్షపాతానికి తావు లేకుండా, సిబ్బంది ఏ గుర్రానికీ మైలు దూరం లోపు వెళ్లరాదు.

“మా ట్రీకిల్ పరుగు మానేసి పద్నాలుగేళ్లయిందండి. అది నా గుర్రం,” అంది ఈనిడ్.

“మీ గుర్రమైతే పక్షపాతం మరీ ఎక్కువ,” అన్నారు పెంబర్టన్ గారు.

అలా ఈనిడ్ గుర్రం మేత కోసం గుర్రానికి దూరంగా కూర్చుంది. రోజూ పొద్దున మిసెస్ ప్రాక్టర్ ఫోను తీసుకెళ్లి ట్రీకిల్ చెవి దగ్గర పెట్టేది. (ఫోను గురించి నియమం లేదు. మూడో వారంలో సంస్థవారు ఆ సంభాషణలు తెప్పించుకుని విన్నారు. ‘తిన్నావా తల్లీ?’ అన్న మాట, ఆ తర్వాత చాలాసేపు ఊపిరి వినబడ్డాయి. అది ఏ పందేనికి సంబంధించిన సూచనో తేలలేదు. దర్యాప్తు కొనసాగుతోంది.)

ఐదో అంతస్తులో ఆమె బల్ల మీద గుర్రాల పేర్లు, బరువులు, పాత ఫలితాలు ఉండేవి. నలభై ఏళ్లలో ఆమెకు ఎన్నడూ అవసరం పడని కాగితాలవి. చెమట కనబడదు, తోక కనబడదు. మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. మనస్ఫూర్తిగా ఓడిపోయింది. వారం తర్వాత వారం ఓడిపోయింది. అవతలి వైపు గుర్రం పేరు బాగుందని కాసినవారంతా గెలిచారు.

సంస్థ దీన్ని విజయంగానే నమోదు చేసింది. క్లైవ్ వంటివారు ఇప్పుడు నిలకడగా గెలిచేవారయ్యారు కాబట్టి, వారు గెలిచిన ప్రతి నూరు పౌండ్ల మీదా అరవై రుసుము వచ్చింది కదా. ఆ అరవైని లాభం కింద రాశారు. సంస్థ పోగొట్టుకున్న నూరును ‘ఖాతాదారుల ప్రోత్సాహం’ కింద రాశారు. వరసగా పన్నెండు వారాలు రుసుముల ఆదాయం పెరిగింది. పదమూడో వారంలో ఆ ఆదాయాన్ని తనకు తాను చెల్లించుకోవడానికి సంస్థకు బ్యాంకులో డబ్బు లేదు.

క్లైవ్ మాత్రం పెద్ద వీధి మూలన ఉన్న పందేల దుకాణానికి మారిపోయాడు.

“పదకొండేళ్లు నమ్మకంగా ఓడాను,” అన్నాడు బస్టాపు దగ్గర ఈనిడ్ కనబడగానే. “పదమూడు వారాలు పొరపాటున గెలిస్తే దొంగను చూసినట్టు చూశారే. ఉత్తరం రాశారు నాకు. ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా’ అని!”

“ఏం చెప్పావు?”

“మా ఆవిడ పేరు రాశాను. నాతో వాదించి ఆవిడ ఒక్కసారి కూడా ఓడలేదు కదా.”

ఓడేవారందరూ ఆ వారంలోనే దుకాణాలకు వెళ్లిపోయారు. జీతగాళ్లను తీసేశారు. తర్వాత పెంబర్టన్ గారినీ తీసేశారు. ఈనిడ్ చేతికి ఆఖరి జీతంతో పాటు ఒక పత్రం వచ్చింది. పదమూడు వారాలు నిజాయితీగా ఓడినందుకు ఆమెకు జీవితాంతం నూటికి రెండే.

ఆమె బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా శాలకు నడిచింది. ట్రీకిల్ తలుపు మీంచి మెడ చాపి, ఆమె కోటు జేబులన్నీ వెతికి, ఏమీ లేకపోయినా తల తీయలేదు. ఈనిడ్ దాని మెడకు నుదురు ఆనించి నిలబడింది. మిసెస్ ప్రాక్టర్ కాసేపు బకెట్లు కడిగినట్టు చేసి, చివరికి దగ్గరకు వచ్చింది.

“ఆ పందేల గోల ఇక నమ్ముకోకమ్మా. వారంలో ఆరు రోజులు పొద్దున్నే పేడ ఎత్తితే దాని తిండి నేను చూసుకుంటా.”

“ఫారం ఏమైనా నింపాలా?” అని అడిగింది ఈనిడ్.

“పార తీసుకో,” అంది మిసెస్ ప్రాక్టర్.

శనివారం సెలవు దొరికి ఈనిడ్ మైదానానికి వెళ్లింది. కంచె పక్కన నిలబడి ఫోను తెరిచింది. ఆమెకు గెలవడానికి పూర్తి హక్కు ఉంది. అవతల ఓడటానికి దేశం మొత్తం మీద ఒక్కరే ఉన్నారు, నాలుగు పౌండ్లతో. (ఆ ఒక్కరు పెంబర్టన్ గారని తర్వాత తెలిసింది. ఖాళీగా ఉన్నారు.) ఆయన కాసిన గుర్రం కంచె పక్కనుంచి వెళ్లింది. నురగ కట్టి ఉంది. తోక విసురుతోంది. ఈనిడ్ నొక్కింది, గెలిచింది. నూటికి రెండు చొప్పున సంస్థకు ఎనిమిది పెన్నీలు ముట్టాయి.

ఆ త్రైమాసికంలో సంస్థకు నిజంగా చేతికందిన ఆదాయం అదొక్కటేనని వాటాదారుల నివేదికలో ఉంది. దానికి కారకులైన వ్యక్తిని వెంటనే గుర్తించి, తగిన అదనపు రుసుము విధించాలని నివేదిక సిఫార్సు చేసింది.