కాకి ముట్టిన ఎర

ఆ పొద్దున వీరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తియ్యాలి, మేడ ఎక్కాలి, డబ్బాలోది ఆరబెట్టాలి, దిగొచ్చి తలస్నానం చేసి తండ్రి సంవత్సరీకానికి బుద్ధిమంతుడైన కొడుకులా పీట మీద కూర్చోవాలి. ఎవరి కంటా పడకూడదు, అంతే. పర్చూరు పక్కనున్న ఆ ఊళ్ళో ఇంతకంటే పెద్ద పనులు ఎవరి కంటా పడకుండా చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

డబ్బా పేరుకు ఐస్‌క్రీము డబ్బా. లోపలున్నవి మాత్రం పరిగెలు. వేలెడు పొడవుండే చిన్న చేపలు, కల్లుప్పు పొరల మధ్య వరసగా పడుకుని ఉన్నాయి. కూరకోసం కాదు, కొరమేనుకి ఎర. కాలవ కట్టేశాక మడుగుల్లో చిక్కుకున్న కొరమేను మంచి ఆకలి మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎరకి చిన్న చేప దొరికి చావదు. అందుకని ముందుచూపు ఉన్నవాడు కాలవ ఎండుతుండగానే గుంటల్లో మిగిలిన పరిగెల్ని ఏరుకొచ్చి, ఉప్పులో ఊరేసి, ఒక పూట ఆరబెట్టి దాచుకుంటాడు. ఉప్పు పట్టాక కండ గట్టిపడి గాలానికి నిలుస్తుంది. ఈ విద్య వీరబాబుకి తండ్రి యలమందయ్యే నేర్పాడు. ఆయన కొడుక్కి నేర్పినవి రెండు, మిరప సాగూ, గాలం వెయ్యడమూ. మొదటిది అంతంతమాత్రంగానే వంటబట్టింది.

ఇందులో దాచాల్సిందేముందంటే, ఒట్టు ఉంది. మొన్న కోతలప్పుడు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా ఉన్నట్టుండి మబ్బు పట్టింది. తల్లి సుబ్బరావమ్మా, భార్య జ్యోతిర్మయీ పట్టాలు పట్టుకుని కళ్ళానికి పరుగెత్తారు. వీరబాబు మాత్రం చేపలు బెదురుతాయని ఫోను ఆపేసి కాలవ గట్టున కూర్చుని ఉన్నాడు. నిగనిగలాడే కాయలు తడిసి తాలైపోయాయి. గుంటూరు యార్డులో వాటివైపు చూసినవాడు లేడు. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు కలిసి అతన్ని యలమందయ్య ఫొటో ముందు నిలబెట్టి, ఇక జన్మలో గాలం ముట్టనని ఒట్టు వేయించారు.

వీరబాబు మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు నుంచి గాలం ముట్టలేదు. పరిగెల్ని తువ్వాలుతో పట్టాడు. తువ్వాలు మీద ఎవరూ ఒట్టు వేయించలేదు కదా! పైగా ఏడాది కర్మ పూర్తయితే తండ్రి పైలోకం చేరిపోతాడు, అంత దూరం ఒట్లు పనిచెయ్యవు అని అతనికి గట్టి నమ్మకం. ఎంత గట్టిదంటే, దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఏవండీ, ఫ్రిజ్ ఖాళీ చేసి కడుగుతున్నా. మామయ్యగారి తద్దినం పూట ఇంట్లో నీచు వాసన ఉండకూడదు" అంది జ్యోతిర్మయి వంటింట్లోంచి.

"నువ్వు గారెల పప్పు చూసుకో. ఫ్రిజ్ నేను కడుగుతాలే."

పెళ్ళయినప్పటి నుంచీ మంచినీళ్ళ సీసా కూడా నింపి పెట్టని మొగుడు ఫ్రిజ్ కడుగుతానంటే ఏ ఆడమనిషైనా ఆశ్చర్యపోతుంది. జ్యోతిర్మయి పిండి రుబ్బడం ఆపి అతని మొహంలోకి ఒకసారి చూసి, "సరే" అంది.

మేడ మీద ఇంటివాడకానికి ఉంచుకున్న మిరపకాయలు పట్టా నిండా ఎర్రగా పరిచి ఉన్నాయి. వీరబాబు నీళ్ళ ట్యాంకు వెనక గోనెపట్టా వేసి పరిగెలు పరిచాడు. పైన పాత చీర కప్పి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టాడు. మిరపకాయల ఘాటుకి పిట్ట కూడా ఇటు రాదని ధైర్యం చెప్పుకుని దిగిపోయాడు.

దొడ్లో పంతులుగారు తంతు అంతా సవ్యంగా నడిపించారు. పిండం విస్తట్లో పెట్టి, పక్కన గారెలు, పెరుగన్నం, యలమందయ్యకి ఇష్టమైన చుట్ట, చెంబుతో నీళ్ళు పెట్టి ప్రహరీ గోడ మీదకి చేర్చారు. వీరబాబు తడి పంచెతో, వేలికి దర్భ ఉంగరంతో పీట మీద కూర్చున్నాడు.

"కాకి ముట్టేదాకా కర్త పీట దిగకూడదు నాయనా" అన్నారు పంతులుగారు.

చుట్టాలూ ఊరివాళ్ళూ కుర్చీల్లో సర్దుకున్నారు. పొదిలి నుంచి వచ్చిన అక్క శివపార్వతి తల్లి పక్కన కూర్చుంది. పొలం గట్టు తగాదాతో వీరబాబుతో మాటలు మానేసిన పక్క పొలం అంకయ్య, వరసకి బాబాయి, కూడా వచ్చాడు. చచ్చిపోయినవాడి మీద గౌరవంతో వచ్చాననీ, బతికున్నవాడి మొహం చూడననీ అందరికీ అర్థమయ్యేలా కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

కరెంటు తీగ మీద బారుగా కూర్చున్న కాకులు ఒక్కటొక్కటే లేచాయి. అందరూ గోడ వైపు తిరిగారు. కాకులు గోడ దాటాయి, పిండం దాటాయి, సరాసరి మేడ మీదకి వెళ్ళిపోయాయి. వెంటనే పైనుంచి గులకరాయి దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడేమిటో అంతమందిలో వీరబాబు ఒక్కడికే తెలుసు. అతని ఒళ్ళు తడి పంచెలో ఇంకాస్త చల్లబడింది.

ఎండ ముదిరింది. వంటింట్లోంచి గుమ్మడికాయ పులుసు వాసన వస్తోంది. కాకి ముట్టందే విస్తళ్ళు వెయ్యరు. మేడ మీద మాత్రం కాకుల విందు ఏ లోటూ లేకుండా సాగుతోంది. ఊళ్ళో ఉన్నవి చాలక పక్క ఊరి కాకులు కూడా వస్తున్నాయి.

"ఏవయ్యా, ఏం తక్కువ చేశామయ్యా నీకు?" సుబ్బరావమ్మ గోడ వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "గారెలు పెట్టాం, చుట్ట పెట్టాం. ఎందుకయ్యా అలిగావు?"

"అమ్మా, కాకులన్నీ మేడ మీదే ఉన్నాయే" అంది శివపార్వతి లేస్తూ. "నాన్న పైనుంచే చూస్తున్నాడు. ఈ పిండం పట్టుకెళ్ళి మేడ మీద పెడదాం పద."

ఆమె మెట్ల వైపు నాలుగు అడుగులు వేసింది. వీరబాబుకి ట్యాంకు వెనక గోనెపట్టా, దాని మీద తన పరువు, రెండూ ఆరబెట్టి ఉన్నట్టు కళ్ళకి కట్టింది. తండ్రి తద్దినం నాడు, తండ్రి మీద ఒట్టు వేసినవాడు, ఇంటి మీద చేపలు! గాలం సంగతి దేవుడెరుగు, ఈ ఇంట్లో తనకి అన్నం పెట్టేవాళ్ళు కూడా ఉండరు.

"అక్కా, ఆగు!" అని అరిచాడు. "నాన్న... నాన్న గేదె గురించి అలిగినట్టున్నాడు!"

"గేదేంట్రా?"

"పోయే ముందు నాతో అన్నాడు, మన ముర్రా గేదెని అక్కకి తోలి పెట్టమని. నేనే చెప్పకుండా దాచాను."

శివపార్వతి ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఆ గేదె మీద ఆమెకి ఎన్నాళ్ళ నుంచో కన్నుంది. "నా మీద ఎంత ప్రేమ నాన్నా నీకు!" అని గోడకి దణ్ణం పెట్టి, మెట్ల సంగతి మరిచిపోయి వచ్చి కూర్చుంది.

కాకి రాలేదు. పైగా ఇప్పుడు జనానికి కొత్త అనుమానం పట్టుకుంది. ఒకటి దాచినవాడు రెండోది దాచడా?

"ఇంకేం దాచావురా?" అంది సుబ్బరావమ్మ.

"నేను చెప్తా ఏం దాచాడో!" అంకయ్య కుర్చీ ఇటు తిప్పాడు. "గట్టు సంగతి దాచాడు! వేపచెట్టుతో సహా ఆ గట్టు నీదేరా అంకయ్యా అని యలమందయ్య బతికుండగా నాతో అన్నాడు. వీడి చెవిన కూడా వేసే ఉంటాడు. అందుకే ఆ పెద్దమనిషి దిగి రావట్లేదు. ఇటివ్వండి విస్తరి, నేను పైకి పట్టుకెళ్తా. నా చేతి మీదుగా ఐతే వస్తాడు."

అంకయ్య విస్తరి అందుకోనే అందుకున్నాడు. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు కూడా.

"గట్టు నీదే బాబాయ్!" వీరబాబు గొంతు చీరుకుపోయింది. "వేపచెట్టూ నీదే! నాన్న చెప్పాడు, చెప్పాడు! దిగు!"

ఊరి పెద్దలు మూడు పంచాయితీల్లో తేల్చలేకపోయిన తగాదా అలా తేలిపోయింది. అంకయ్య కళ్ళు తుడుచుకుని, విస్తరి గోడ మీద పెట్టేసి, వచ్చి వీరబాబు భుజం నిమిరాడు. "పెద్దవాడి మాట దక్కించావురా అబ్బాయ్" అన్నాడు. వీరబాబుకి గట్టు పోయినందుకు కాదు గాని, ఆ నిమరడానికి ఏడుపొచ్చింది.

అప్పుడు వంటింట్లోంచి జ్యోతిర్మయి తీరిగ్గా బయటికొచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, ఎటూ ఆలస్యమవుతోంది కదా, పైన మిరపకాయలు తిరగేసి వస్తా" అంది. అంటూ ఒక్కసారి మొగుడి వైపు చూసింది.

రోడ్డు వైపున్న ముందు గదిలో జాకెట్లు కుట్టే కొట్టు పెట్టుకుంటానని ఆమె ఏళ్ళ తరబడి అడుగుతోంది. ఆ గదిలో మందు కొట్టే ట్యాంకులూ, గాలం కర్రలూ ఉన్నాయని వీరబాబు ఏళ్ళ తరబడి కుదరదంటున్నాడు.

"జ్యోతీ! ముందు గది నువ్వు తీసుకో! కుట్టు మిషన్ పెట్టుకో!"

"ఇది కూడా మామయ్యగారే అన్నారా?"

"ఆ... గట్టిగా అన్నాడు."

"మామయ్యగారు అన్నీ మీ చెవిలోనే చెప్పారన్నమాట" అంది జ్యోతిర్మయి. మిరపకాయలకి తొందరేం లేదని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వీరబాబు దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. పీట ఒకటుంది గాని అది పక్కింటివాళ్ళది. సరిగ్గా అప్పుడు మేడ మీద గోల ఆగింది.

ఉప్పు చేప తిన్నవాడికి ఏమవుతుందో అందరికీ తెలిసిందే. కాకికైనా అంతే. ఎండలో, కల్లుప్పులో ఊరిన పరిగెల్ని కడుపునిండా మెక్కిన కాకులన్నిటికీ ఒక్కసారి గొంతు ఎండింది. దొడ్డి మొత్తానికి నీళ్ళంటూ ఉన్నది గోడ మీద చెంబులో. ఒక్కుమ్మడిగా నల్లటి మందంతా కిందికి దిగింది. కొన్ని చెంబులో మూతులు పెట్టాయి, కొన్ని పెరుగన్నం మీద పడ్డాయి, చోటు చాలనివి పిండాన్నే పొడిచాయి.

"ముట్టింది! ముట్టింది!" పంతులుగారు చేతులెత్తారు. "ఒక కాకి కాదమ్మా, కాకి కులమంతా ముట్టింది! ఇంత సర్వీసులో నేను చూళ్ళేదు!"

అప్పుడే ఆఖరున దిగిన ఒక ముసలి కాకి, నీళ్ళు తాగడానికి నోరు ఖాళీ చేసుకుంటూ, ముక్కున కరుచుకున్నదాన్ని చుట్ట పక్కన జారవిడిచింది. పంతులుగారు చూసి రెండడుగులు వెనక్కి వేశారు. అది పరిగె.

వీరబాబు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

సుబ్బరావమ్మ మెల్లగా గోడ దగ్గరికి నడిచింది. చేపని చూసింది, చుట్టని చూసింది, మేడ వైపు చూసింది.

"ఒరేయ్ వీరబాబూ, మీ నాన్న గేదె మీదా, గట్టు మీదా అలగలేదురా" అంది. "బతికున్నన్నాళ్ళూ ఆదివారం వస్తే ఆ మనిషి గాలం పట్టకుండా ఉన్నాడా? నాకే బుద్ధి లేక, ఆయన ఫొటో ముందే నిన్ను నిలబెట్టి గాలం మాన్పించాను. నా కొడుకు చెయ్యి ఎందుకు కట్టేశావే అని చేపని పంపించి అడుగుతున్నాడు."

వీరబాబు నోరు తెరిచాడు. అమ్మా అది నాన్న పంపలేదు, నేను ఆరబెట్టాను అని చెబుదామనే తెరిచాడు. కాని తల్లి మొహంలో, ఏడాదిగా కనబడని తెరిపి కనబడింది. తన పక్కన గట్టున కూర్చుని, ఉప్పంటిన బొటనవేలితో ఎర గుచ్చడం నేర్పిన తండ్రి గుర్తొచ్చాడు. నిజంగానే ఏడుపొచ్చింది. ఆ రోజు అతను చేసిన పనుల్లో అబద్ధం కానిది అదొక్కటే. నోరు మళ్ళీ మూసుకున్నాడు.

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నా" అంది సుబ్బరావమ్మ. "ఇక నుంచి ప్రతి ఆదివారం వెళ్ళాల్సిందే. అంకయ్య మరిదిని కూడా తోడు తీసుకెళ్ళు. మీరిద్దరూ కలిసుండాలనే కదా ఆయన అంత పట్టుబట్టింది!"

"తప్పకుండా వదినా!" అన్నాడు అంకయ్య. మేలుకుని ఉన్నంతసేపూ మాట్లాడటం ఆయన అలవాటు. ఆయన గట్టున నిలబడితే కాలవలో చేపలే కాదు, కప్పలు కూడా అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతాయి.

ఆదివారం తెల్లవారింది. వీరబాబు లేచేసరికి ముందు గది ఖాళీగా, కడిగి ముగ్గు పెట్టి ఉంది. ట్యాంకులూ గాలం కర్రలూ పశువుల పాకలోకి చేరాయి. పాకలో చోటుకేం లోటు లేదు, గేదె పొదిలి వెళ్ళిపోయింది. అందుకే గ్లాసులో పాలు లేని టీ వచ్చింది. వీధి గుమ్మంలో అంకయ్య అప్పటికే వచ్చి, తన వేపచెట్టు గురించి దారిన పోయేవాళ్ళకి చెబుతున్నాడు. కాలవలో మడుగులు తప్ప గుంటలన్నీ ఎండిపోయాయి, వెతికినా ఎరకి ఒక్క పరిగె దొరకదు.

తండ్రి గాలం కర్ర భుజాన వేసుకుని వీరబాబు గుమ్మం దిగబోతుంటే జ్యోతిర్మయి వెనకనుంచి పిలిచింది. ఆమె చేతిలో శుభ్రంగా తోమి ఆరబెట్టిన ఐస్‌క్రీము డబ్బా ఉంది.

"ఇదిగోండి, మళ్ళీ అవసరపడుతుంది" అంటూ అందించింది. "వచ్చేటప్పుడు కల్లుప్పు కూడా తీసుకురండి, మామయ్యగారు మొన్న మొత్తం వాడేశారు."