ఆరో వార్డులో ఇరవై ఏడు కార్డులు

పంచాయతీ ఎన్నికల పోలింగ్ రోజు పొద్దున ఆరింటికే విష్ణువర్ధన్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పథకం చాలా సులువు. ఏడింటికి పోలింగ్ మొదలవుతుంది. ఏడుంపావుకు తమ వైపు ఓటర్లు ఇరవై ఏడుగురు బడి గేటు దగ్గరికి వస్తారు. ఎవరి గుర్తింపు కార్డు వాళ్ళ చేతికి ఇస్తాడు. ఎనిమిదిన్నరకు అందరూ ఓటేసి ఎవరి చేన్లకు వాళ్ళు పోతారు. తొమ్మిదింటికి తను తీరిగ్గా చాయ్ తాగుతాడు.

అతను జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిముట్ల స్టోర్ చూసుకుంటాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. తల్లి ఇందిరమ్మను ఆరో వార్డు మెంబరుగా నిలబెట్టింది కూడా అతనే. "నాకెందుకురా అవన్ని" అని ఆమె వారం రోజులు మొత్తుకుంది. వాళ్ళ గడప ముందు మోరీ నీళ్ళు నిలిచి మూడేళ్ళయింది. విష్ణువర్ధన్ పదకొండు దరఖాస్తులు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి, పంచాయతీలో కూర్చునే మనిషి మన ఇంట్లోనే ఉంటే ఆ మోరీ సంగతి తేలుతుందని తల్లిని ఒప్పించాడు. ఆమె మీద పోటీ చేస్తున్నది ఎదురింటి తారాబాయి. వార్డులో ఉన్నవి నూటెనిమిది ఓట్లు. ఒక్క ఓటు జారినా మునిగినట్టే.

పోయిన ఎన్నికల్లో నలుగురైదుగురు కార్డులు మరిచిపోయి వచ్చి, మళ్ళీ ఇంటికి పోయి, ఇంట్లో పని తగిలి ఉండిపోయారు. ఈసారి ఆ తప్పు జరగకూడదని, మతిమరుపు మనుషులు ఇరవై ఏడుగురిని ఏరి, ముందురోజు సాయంత్రమే ఇంటింటికీ తిరిగి కార్డులు తీసుకున్నాడు. ఫ్యాక్టరీ స్టోర్‌లో ఒక పద్ధతి ఉంది. వస్తువు ఒక చేయి మారితే టోకెన్ ఇంకో చేయి మారాలి. కాబట్టి తీసుకున్న ప్రతి కార్డుకూ అట్టముక్క మీద నంబరు వేసి, సంతకం పెట్టి, టోకెన్ ఇచ్చాడు. జనం మారుమాట లేకుండా కార్డులిచ్చారు, టోకెన్లు కొంగున ముడేసుకున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అతనికి అనుమానం రావలసింది అక్కడే. రాలేదు.

ఆరుంపావుకు పక్కింటి బాలమణి వచ్చింది.

"విష్ణూ, నాది తొమ్మిదో నంబరు. ఎప్పుడిస్తవు?"

"ఏడుంపావుకు చిన్నమ్మా. గేటు దగ్గర."

"గేటు దగ్గరనా? అందరు సూడంగనా?"

"సూస్తే ఏమైతది? దాసుకునే పనా?"

బాలమణి అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది. "చదువుకున్నోళ్ళ ధైర్నమే వేరు బిడ్డా. గని కోసి ఇస్తవా, కోడిని కోడి లెక్కనే ఇస్తవా? నాకు మళ్ళ ఈకలు పీకే ఓపిక లేదు."

విష్ణువర్ధన్ "కోడేంది చిన్నమ్మా" అన్నాడు.

"అయితే చీరనా?"

"నీ కార్డు. నీ కార్డు నీకిస్త."

"నా కార్డు నాకే ఇచ్చేదానికి నంబరెందుకురా?"

ఈ ప్రశ్నకు స్టోర్‌లో జవాబు ఉంది. ఊళ్ళో లేదు. అతను వివరించే లోపల కోళ్ళ దుకాణం మనిషి సైకిల్ దిగాడు. "అన్నా, పొద్దుగాల్నించి ఆరుగురు నీ సంతకం అట్ట పట్టుకొని వచ్చిన్రు. కిలోనా, అర్ధకిలోనా జర చెప్పు" అన్నాడు. అతని వెనకాల వీధి చివరింటి బస్వమ్మ. ఆమె ఇంట్లో ఐదు ఓట్లున్నాయి, ఒక్క టోకెన్ లేదు.

"మేము నీకు కానోళ్ళమా? మతి తప్పిన ముసలోళ్ళకు ఇచ్చి మాకు ఎగ్గొడతవా?"

"అత్తా, ఎవ్వరికి ఏమిస్తలేను. ఒట్టు."

"అందరు గట్లనే అంటరు. ఇచ్చేటప్పుడు మాత్రం మా గల్లీ కనబడది."

ఏడుంపావుకు గేటు దగ్గర ఇరవై ఏడుగురు ఉండవలసిన చోట అరవై మంది ఉన్నారు. సగం మంది చేతుల్లో ఖాళీ సంచులు. తారాబాయి తమ్ముడు ఈ సంచులు చూసి పోయి పోలీసుకు చెప్పాడు. కానిస్టేబుల్ వచ్చి విష్ణువర్ధన్ బ్యాగు తెరిపించాడు. కార్డులు నంబర్ల వరసలో, తొమ్మిది చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

"ఎవరివి ఇవి?"

"ఓటర్లవి సార్."

"నీ దగ్గరెందుకున్నయి?"

"వాళ్ళు మరిచిపోతరని ముందే తీసుకున్న."

"మళ్ళ ఎట్లిస్తవు?"

"టోకెన్ చూపిస్తే ఇస్త సార్."

కానిస్టేబుల్ ఇరవై ఏళ్ళ నౌకరీలో ఇటువంటి కేసులు చాలా చూశాడు. అడిగీ అడగకముందే ఇంత శుభ్రంగా ఒప్పుకున్న మనిషిని మాత్రం చూడలేదు. అతనికే కొంచెం భయం వేసి, "నువ్వు ఇంకేం చెప్పకు, జర గా వంటగదిల కూసో" అన్నాడు. విష్ణువర్ధన్ బడి వంటగదిలో, అన్నం వండే పెద్ద గంజుల మధ్య కూర్చున్నాడు. బ్యాగు ప్రిసైడింగ్ అధికారి నాగమణి టేబుల్ కిందికి చేరింది. మండలం నుంచి తనిఖీ అధికారి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఆయన రాయికోడ్ వైపు ఎక్కడో ఉన్నాడు.

నాగమణి టౌన్‌లో లెక్కల టీచరు. తరగతిలో చెప్పినట్టే చెప్పింది. "కార్డు లేకపోయినా పర్వాలేదమ్మా. ఫోటో ఉన్న ఇంకో గుర్తింపు కాగితం తెచ్చుకోండి. ఏవేవి పనికొస్తాయో గోడకు అంటించాం."

గోడ దగ్గరికి ఎవరూ పోలేదు. ఫోటో ఉండాలన్న ముక్క మాత్రం ఇళ్ళకు పోయింది. వంటగది కిటికీలోంచి విష్ణువర్ధన్ చూస్తుండగా బాలమణి తన పెళ్ళి ఆల్బమ్ ఎత్తుకుని వచ్చింది. ఇంకొకాయన మనవడి పుట్టినరోజు ఫ్లెక్సీని కట్టెలతో సహా ఊడబీకి తెచ్చాడు. అందులో మూలకు, కేకు వెనకాల, సగం మొహం ఆయనది. డెబ్బై ఏళ్ళ బీరమ్మ గోడకున్న పటం దించి, దండతో సహా చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇది ఎవరిదవ్వా?" అంది నాగమణి.

"నడుమ మా ఆయన. పోయిండు. పక్కపొంటి ఉన్నది నేనే, ముప్పై ఏండ్ల కింద."

"ఇది కుదరదు అవ్వా. సర్కారు ఇచ్చిన కాగితం కావాలి."

"ఆయన పోయినంక సర్కారు ఒక కాగితం ఇచ్చిందమ్మా. అది తెమ్మంటవా?"

నాగమణి నీళ్ళు తాగింది.

తొమ్మిదయింది. పదయింది. తారాబాయి వైపు వాళ్ళు జేబుల్లోంచి కార్డులు తీసి, చూపించి, ఓటేసి, వేలి మీది సిరా ఊదుకుంటూ పోతున్నారు. తన వాళ్ళు ఆల్బమ్ చుట్టూ చేరి బాలమణి పెళ్ళిలో ఎవరెవరు సన్నగా ఉన్నారో చూస్తున్నారు. ఒంటిగంటకు గేటు మూస్తారు. తల్లిని ఓడించడానికి తారాబాయి చేయలేని పని తను ఒక సాయంత్రంలో చేసి పెట్టాడు.

పదకొండింటికి ఇందిరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏమన్న తిన్నవా?" అంది.

"అమ్మా, అంత ఖరాబు చేసిన."

"తిన్నవా లేదా అంటున్న."

ఆమె రొట్టె కిటికీలోంచి ఇచ్చి అక్కడే నిలబడింది. పన్నెండుంపావుకు తనిఖీ అధికారి జీపు వచ్చింది. ఆయన బ్యాగు చూశాడు, టోకెన్లు చూశాడు, కాగితం కలం తీశాడు. కేసయితే విష్ణువర్ధన్ నౌకరీ కూడా పోతుందని జనం గుసగుసలాడారు. అప్పుడు తారాబాయి కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది.

"సార్, నేను వీళ్ళమ్మ మీద నిలబడ్డదాన్ని. నా మాట ఇనుండ్రి. ఈ పోరడు చిన్నప్పటిసంది గిట్లనే. మా ఇంట్ల పెండ్లయితే వచ్చినోళ్ళ చెప్పులకు నంబర్లు రాసిండు. రాత్రి ఎవ్వరి చెప్పులు వాళ్ళకు దొరకలే. వీనికి లంచమిచ్చే తెలివే ఉంటే ఎప్పుడో బాగుపడుతుండె."

"కంప్లయింటు మీ తమ్ముడే కదమ్మా ఇచ్చింది."

"వాడు ఇంకో తెలివిగల్లోడు. వాని మాట ఇడిసిపెట్టుండ్రి."

తనిఖీ అధికారి విష్ణువర్ధన్‌ను పిలిచి, "ఎవరికైనా ఏమైనా ఇచ్చావా?" అని అడిగాడు. "టోకెన్లు సార్" అన్నాడు అతను. అధికారి కలం మూసేశాడు. మళ్ళీ ఇలా చేయనని రాయించుకుని, పేరు పేరునా పిలిచి ఎవరి కార్డు వాళ్ళకు ఇప్పించాడు. ఇచ్చేటప్పుడు టోకెన్ వెనక్కి అడగబోయిన విష్ణువర్ధన్ నోటిని కానిస్టేబుల్ చేత్తో మూశాడు. ఒంటిగంటకు గేటు మూసేలోపల ఇరవై ఏడుగురూ లోపల ఉన్నారు. బీరమ్మ పటాన్ని కూడా లోపలికి తీసుకుపోయింది. వదిలిపెడితే ఎవరైనా ఎత్తుకుపోతారట.

విష్ణువర్ధన్ ఓటేసి బయటికి వచ్చి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. గండం గడిచింది. అతని లెక్క ప్రకారం తల్లి రెండు ఓట్లతో గెలుస్తుంది.

లెక్కింపు రెండింటికి మొదలై మూడున్నరకు ముగిసింది. ఆరో వార్డులో పడినవి తొంభై నాలుగు. ఇందిరమ్మకు నలభై ఆరు. తారాబాయికి నలభై ఏడు. చెల్లనిది ఒకటి. ఆ ఒక్కదాని మీద రెండు గుర్తులకూ ముద్ర పడి ఉంది.

అది ఎవరిదో కనిపెట్టడానికి కష్టపడాల్సిన పని లేకపోయింది. బీరమ్మే చెప్పింది. "ఇద్దరు మనోళ్ళే గదా బిడ్డా. ఒక్కరికేస్తే ఇంకొకరి మొహం ఎట్ల సూడాలె?"

విష్ణువర్ధన్ ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. జీవితంలో ఒక పెద్దమనిషిని అనకూడని మాటలన్నీ బీరమ్మను అన్నాడు. ఆ ముసలిదాని కోసం తను వంటగదిలో గంజుల మధ్య కూర్చున్నానన్నాడు. ఆ ఒక్క ఓటు సరిగ్గా పడి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు, చీటీ తీసేవాళ్ళు, చీటీలో తల్లి పేరు వచ్చేదన్నాడు.

ఇందిరమ్మ చాటలో కందులు చెరుగుతూ విన్నది. "ముసలామెను ఎందుకంటవురా? ఆమె సగమన్న నాకేసింది."

"సగమన్న ఏంది? పూర్తిగ ఎవరు ఎయ్యలే?"

ఇందిరమ్మ చాట పక్కన పెట్టింది. "నా ఓటు నేను తారకు ఏసిన."

విష్ణువర్ధన్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా."

"మరేం చేయాలె? నా పేరు మీద నేనే గుద్దుకుంటె నలుగురు ఇంటె ఏమంటరు? సిగ్గు శరం ఉండాలె గదా. అప్పటికే ఆమె వచ్చి నిన్ను ఇడిపిచ్చింది. ముద్ర పట్టుకున్నంక చెయ్యి అటే పోయింది."

"నీకు నువ్వు ఏసుకుంటే నలభై ఏడు. ఆమెకు నలభై ఆరు. నువ్వే గెలుస్తుంటివి."

"గట్లనా?" అని ఇందిరమ్మ కాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అవునురా. నువ్వు ముందుగాల చెప్పకపోతివి."

"మరి తారాబాయి నీకు ఏసిందా?"

"అది నేనెట్ల అడుగుత? ఓటు గుట్టుగ ఏసేది" అని ఆమె మళ్ళీ చాట అందుకుంది.

ప్రచారం చేసిన ఇరవై రోజుల్లో అతను వార్డులోని ప్రతి ఓటరు ఇంటికీ రెండుసార్లు పోయి, కాళ్ళా వేళ్ళా పడి, తల్లి తరఫున ఓటు అడిగాడు. అభ్యర్థిని కూడా అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు.